బీదర్: సాంకేతిక ఉద్యోగాల వలస, రాకపోకలు

కర్ణాటకకు ఉత్తరపు కొసన ఉన్న జిల్లా బీదర్. ఒకవైపు తెలంగాణ, ఇంకోవైపు మహారాష్ట్ర దానికి పొలిమేరలు. జిల్లా కేంద్రం నుంచి సొంత రాష్ట్ర రాజధాని బెంగళూరు సుమారు 700 కిలోమీటర్లు. పక్క రాష్ట్రపు రాజధాని హైదరాబాద్ 140 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగ్ కొలువు కోసం ఊరు మారాలనుకునే బీదర్ యువతకైనా, బీదర్‌లో ఇల్లు పెట్టుకుని హైదరాబాద్‌లో పని చేయాలనుకునే తెలుగు కుటుంబానికైనా లెక్క ఈ రెండు దూరాల దగ్గరే మొదలవుతుంది. దగ్గరున్న నగరానికి వెళ్తే రాష్ట్రం మారుతుంది. రాష్ట్రం మారకూడదనుకుంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. ఉద్యోగ వలస గురించి సాధారణంగా చెప్పే జీతం, అద్దె, ట్రాఫిక్ లెక్కలకు ఇక్కడ సరిహద్దు అనే మరో పద్దు తోడవుతుంది.

సరిహద్దు ఎలా వచ్చింది

బీదర్–హైదరాబాద్ మధ్య రాష్ట్ర సరిహద్దుకు వయసు పెద్దగా లేదు. 1956 నవంబరు 1 దాకా రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం పాత బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసింది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. భాషను బట్టి గీసిన ఆ గీతకు ఇటూ అటూ ఇప్పటికీ భాషలు కలిసే ఉన్నాయి. బీదర్‌లో కన్నడం ప్రధానం. దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు బజారులో రోజూ వినిపిస్తాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెల్లో కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. బీదర్ ఝరణీ నరసింహస్వామి గుహకు తెలంగాణ భక్తులు వస్తారు, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి కర్ణాటక భక్తులు పోతారు. పెళ్లి సంబంధాలకు ఏనాడూ అడ్డుకాని గీత నివాస ధ్రువపత్రం అడిగినప్పుడు మాత్రం గట్టిగా కనిపిస్తుంది.

కొలువు కోసం బీదర్‌కు వచ్చినవారు

ఇప్పుడు బీదర్ మనుషులను బయటికి పంపే ఊరు. 15వ శతాబ్దంలో కథ తిరగబడి ఉండేది. బహమనీ సుల్తాను అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా (నేటి కలబురగి) నుంచి ఇక్కడికి మార్చాక పర్షియా, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి సైనికులు, పండితులు, వర్తకులు, కట్టడపు పనివాళ్లు కొలువులు వెతుక్కుంటూ వచ్చారు. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతానికి చెందిన మహమూద్ గవాన్ 1453 ప్రాంతంలో వర్తకుడిగా బీదర్ చేరి ప్రధానమంత్రి స్థాయికి ఎదిగాడు. 1472లో ఆయన కట్టించిన మదరసా, శిథిలమైనా, ఈనాటికీ ఊరి నడుమ నిలిచే ఉంది. రష్యన్ యాత్రికుడు అఫనాసీ నికితిన్ ఆ కాలంలోనే గుర్రాన్ని అమ్ముకోవడానికి ఇక్కడికి వచ్చి, చూసినవి రాసిపెట్టుకున్నాడు.

వచ్చినవాళ్లకూ ఉన్నవాళ్లకూ పడకపోవడం కూడా అప్పుడే మొదలైంది. బయటి నుంచి వచ్చిన అఫాకీలు, స్థానిక దక్కనీలు దర్బారులో రెండు వర్గాలుగా చీలారు. గవాన్‌ను వ్యతిరేకించేవాళ్లు ఆయన పేరిట దొంగ ఉత్తరం పుట్టించారు. దాన్ని నమ్మిన అప్పటి సుల్తాను 1481లో ఆయనకు మరణశిక్ష వేయించాడు. బహమనీ రాజ్యం విచ్ఛిన్నమవడానికి ఈ చీలికే ముఖ్య కారణమని చరిత్రకారులు చాలామంది అంటారు. స్థానికతపై నేడు జరిగే వాదాలకు ఆ కలహాన్ని నేరుగా ముడిపెట్టడం అతి అవుతుంది. అయితే ఉద్యోగాల్లో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న ఈ నేల మీద కొత్తది కాదు.

ఆధునిక కాలంలో బీదర్‌కు వచ్చేవారిలో చదువు కోసం వచ్చేవారు ఎక్కువ. గురుద్వారా నానక్ ఝీరా సాహిబ్‌కు అనుబంధంగా 1980లో గురునానక్ దేవ్ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడింది. ఉత్తరాది సిక్కు విద్యార్థులు చాలామంది ఇందులో చేరారు. 1988 సెప్టెంబరులో వారిపై జరిగిన హింసలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఊరి చరిత్రలో అది చేదు ఘట్టం. కళాశాల మాత్రం కొనసాగింది. 1989లో మొదలైన షాహీన్ విద్యాసంస్థలు వైద్య ప్రవేశ పరీక్షల శిక్షణతో దేశం నలుమూలల నుంచి పిల్లలను రప్పిస్తున్నాయి. పశువైద్య విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల, వైమానిక దళ శిక్షణ స్థావరం కూడా బయటివారిని తెస్తాయి. హాక్ శిక్షణ విమానాలు ఎగిరేది, సూర్యకిరణ్ విన్యాస బృందం బస ఉండేది ఆ స్థావరంలోనే.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి

ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటూ వెతికితే దొరికేది తక్కువ. కళాశాలల్లో బోధన, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్ విభాగాలు, బ్యాంకులు, చిన్న సర్వీసు దుకాణాలు. కోళార, హుమనాబాద్ పారిశ్రామిక వాడల్లోని మందుల కంపెనీలకు కెమిస్టులు, ప్లాంటు ఇంజినీర్లు కావాలి. చక్కెర కర్మాగారాలకు సీజన్‌లో సాంకేతిక సిబ్బంది కావాలి. బీదర్‌లోనూ భాల్కిలోనూ ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. అక్కడ ఏటా పట్టా తీసుకునేవారికి సరిపడా పని జిల్లాలో లేదు.

కర్ణాటక ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ పరిశ్రమను బెంగళూరు దాటించాలని ‘బియాండ్ బెంగళూరు’ పేరుతో ప్రయత్నిస్తోంది. తొలుత దృష్టి పడింది మైసూరు, మంగళూరు, హుబ్బళ్లి–ధారవాడ–బెళగావి కూటముల మీద. బీదర్‌కు దగ్గరలో ఉన్న పెద్ద కన్నడ నగరం కలబురగి. అక్కడికి కూడా 110 కిలోమీటర్లకు పైనే, ఇంకో 30 కిలోమీటర్లు కలిపితే హైదరాబాద్ వచ్చేస్తుంది. ఆ 30 కిలోమీటర్లలో ఉద్యోగాల సంఖ్య ఎన్ని రెట్లు పెరుగుతుందో బీదర్ కుర్రాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

హైదరాబాద్ పెరిగిన దిక్కు కూడా బీదర్‌కు కలిసివచ్చింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల మీదుగా నగరం పడమరకు సాగింది. బీదర్ ఉన్నది వాయవ్యాన. అంటే ఆ వైపు నుంచి వచ్చేవారు పాత నగరాన్ని దాటాల్సిన పని లేకుండానే కొత్త ఉద్యోగాల పేటకు చేరతారు. నల్గొండ వైపు నుంచి వచ్చేవారికి ఈ సౌకర్యం లేదు.

అసలు గమనించాల్సింది మాదాపూర్‌కు ముందే 65వ జాతీయ రహదారి పొడవునా పరుచుకున్న పట్టీని. బీదర్‌కు 30 కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్, అక్కడ మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం. తరువాత సదాశివపేట, సంగారెడ్డి. సంగారెడ్డి పక్కన కందిలో హైదరాబాద్ ఐఐటీ. ఇంకా ముందుకు పోతే పాశమైలారం పారిశ్రామిక వాడ, 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. రహదారికి దక్షిణంగా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, భానూరులో భారత్ డైనమిక్స్. ఉత్తరంగా సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కు. సాంకేతిక ఉద్యోగమంటే కోడింగే అనుకునేవారి కంట ఈ పట్టీ పడదు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఫార్మా చదివిన బీదర్ వాసికి మాదాపూర్ కంటే ఇదే ముందుగా వెతకాల్సిన చోటు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక స్మార్ట్ నగరాల్లో జహీరాబాద్ ఒకటి. దాని భూములు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ఉన్నాయి. న్యాల్‌కల్ 1956 దాకా బీదర్ తాలూకాలోదే. కర్మాగారాలు లేస్తే బీదర్ నుంచి పొద్దున పోయి సాయంత్రం తిరిగి రాగల ఉద్యోగాలు పెరుగుతాయి. లేచేదాకా అది కాగితం మీది లెక్క.

రాకపోకలు

ఇంటికీ పనికీ మధ్య మనిషి ఎంతసేపు తిరగగలడన్న ప్రశ్నకు ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఒక జవాబు చెప్పాడు. యాకోవ్ జహావీ అనే రవాణా పరిశోధకుడి పని ఆధారంగా, మనుషులు సగటున రోజుకు ఒక గంట ప్రయాణానికి కేటాయిస్తారనీ, వాహనం వేగం పెరిగితే సమయం తగ్గించుకోకుండా దూరం పెంచుకుంటారనీ ఆయన వాదన. అందరికీ వర్తించే సూత్రం కాదు కానీ, కొలబద్దగా పనికొస్తుంది.

ఆ కొలబద్దతో చూస్తే బీదర్–గచ్చిబౌలి రోజూ అప్ డౌన్ చేయదగ్గ దూరం కాదు. జహీరాబాద్ దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కి, పటాన్‌చెరు పక్కన ముత్తంగి వద్ద ఔటర్ రింగ్ రోడ్డు అందుకుంటే కారులో సుమారు 130 కిలోమీటర్లు. దారి బాగుంటే రెండున్నర గంటలు, సంగారెడ్డి–పటాన్‌చెరు మధ్య లారీలు బారులు తీరితే మూడు. రానూపోనూ అయిదారు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఔటర్ మీద ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి బైకు ఆలోచన ఎటూ కుదరదు. పెట్రోలు, టోలు తడిసి మోపెడవుతాయి. కొన్నాళ్లు పట్టుదలతో చేసేవారుంటారు, కానీ దాన్ని పద్ధతిగా సిఫారసు చేయలేం. మియాపూర్–సంగారెడ్డి మధ్య 29 కిలోమీటర్ల రహదారిని ఆరు వరుసలుగా వెడల్పు చేసే పనికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే అరగంట కలిసిరావచ్చు, దూరం మాత్రం అంతే.

బస్సు సంగతి వేరు. కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ, తెలంగాణ ఆర్టీసీ రెండూ ఈ దారిలో నడుపుతాయి. బస్సులు పటాన్‌చెరు, బీహెచ్ఈఎల్, మియాపూర్ మీదుగా నగరంలోకి వస్తాయి గనుక మాదాపూర్ వైపు పోయేవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు గానీ, హైటెక్ సిటీకి మెట్రోలో పోవాలంటే అమీర్‌పేట దాకా పోయి రైలు మారి మళ్లీ వెనక్కి రావాలి. అంతకంటే కొండాపూర్ మీదుగా సిటీ బస్సో ఆటోనో నయం. మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు మెట్రో పొడిగించే ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి పంపింది.

సరిహద్దు బస్సు టిక్కెట్టులోనూ కనిపిస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద ఆ రాష్ట్ర మహిళలకు సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం, రాష్ట్రం లోపల. తెలంగాణ మహాలక్ష్మి పథకం అదే ఏడాది డిసెంబరు 9న మొదలైంది, తెలంగాణ మహిళలకు, తెలంగాణ లోపల. బీదర్ చిరునామా ఉన్న ఆధార్ కార్డుతో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి 700 కిలోమీటర్ల అవతలి బెంగళూరుకు చిల్లిగవ్వ లేకుండా పోగలదు. 140 కిలోమీటర్ల హైదరాబాద్‌కు మాత్రం టిక్కెట్టు కొనాల్సిందే.

రైలు మార్గం నిజాం కాలంలో పడింది. బీదర్ నుంచి జహీరాబాద్ మీదుగా దక్షిణాన వికారాబాద్ దాకా దిగి, అక్కడ ప్రధాన మార్గంలో కలిసి తూర్పుకు తిరుగుతుంది. చుట్టుదారి, పైగా ఒంటి లైను, కాబట్టి వేగంలో బస్సుతో పోటీ పడలేదు. దానికున్న ఒక్క గొప్పదనం లింగంపల్లి. అక్కడ దిగితే 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ లోకల్ రైలు చందానగర్, హఫీజ్‌పేట మీదుగా హైటెక్ సిటీ స్టేషనుకు తీసుకుపోతుంది. వారానికోసారి ఊరికి వెళ్లివచ్చేవారికి ఇది చవకైన, ఒళ్లు అలవని దారి. బీదర్–మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్, విజయవాడల మీదుగా పోతుంది గనుక కోస్తా నుంచి బీదర్ వచ్చిన కుటుంబాలకు అది సొంతూరి బండి. 2017 అక్టోబరు 29న ప్రారంభమైన బీదర్–కలబురగి మార్గం 110 కిలోమీటర్లు; బెంగళూరు ప్రయాణాన్ని అది కొంత దగ్గర చేసింది.

విమానం కథ కాస్త విచిత్రం. వైమానిక స్థావరంలో పౌర టెర్మినల్ కట్టి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచారు. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందపు షరతు అడ్డొచ్చింది. చివరికి 2020 ఫిబ్రవరి 7న ఉడాన్ పథకం కింద బెంగళూరుకు ట్రూజెట్ విమానం ఎగిరింది. ఆ సంస్థ ఆగిపోయాక స్టార్ ఎయిర్ వచ్చింది. దాని సర్వీసూ మధ్యలో నిలిచి 2025లో మళ్లీ మొదలైంది. ఇంటర్వ్యూకో పండక్కో పనికొచ్చే సదుపాయమే గానీ, ఉద్యోగ జీవితాన్ని దాని మీద కట్టుకోలేం.

వారపు లయ

రోజువారీ రాకపోకలు కుదరని చోట జనం వారాన్ని కొలతగా పెట్టుకుంటారు. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కి ఆఫీసుకు, శుక్రవారం రాత్రికి ఇంటికి. మధ్య నాలుగు రాత్రులు చందానగర్, మియాపూర్, కొండాపూర్ పీజీ హాస్టళ్లలో. భార్యాభర్తల్లో ఒకరికి బీదర్‌లో ప్రభుత్వ కొలువు, మరొకరికి హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం ఉన్న ఇళ్లకు ఇది చాలావరకు తప్పదు. ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగులైతే ఇల్లు సంగారెడ్డికో బీహెచ్ఈఎల్ పరిసరాలకో మార్చడం మేలు. పెద్దవాళ్లున్న ఊరు రెండు గంటల లోపే ఉంటుంది, ఆఫీసు గంటలో వస్తుంది.

కొవిడ్ ఈ లెక్కను కొన్నాళ్లు తలకిందులు చేసింది. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ బీపీఓ తరహా సంస్థల నిబంధనలను సడలించి, ఉద్యోగి ఎక్కడినుంచైనా పని చేసే వీలు కల్పించింది. జీతం హైదరాబాద్‌ది, ఖర్చు బీదర్‌ది. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఎర్రరాతి పీఠభూమి మీద ఉన్న ఊరు, వేసవి రాత్రులు హైదరాబాద్ కంటే చల్లగా ఉంటాయి. దానికి తోడు ఈ జీతం. ఇంతకంటే ఏం కావాలని చాలామంది మురిశారు. ఆ కాలం ఎంతో నిలవలేదు. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. ఇన్ఫోసిస్ నెలకు పది రోజుల హాజరు పెట్టింది. ఈ రెండింటి మధ్య తేడా మాదాపూర్‌లో ఉండేవారికి చిన్నది, బీదర్‌లో ఉండేవారికి కొండంతది. నెలకు పది రోజులంటే రెండు వారాలు నగరంలో, రెండు వారాలు ఇంట్లో. అయిదు రోజులంటే ఊరు వదలడమే. అందుకని బీదర్ నుంచి ఉద్యోగం వెతికేవారు ప్యాకేజీ ఎంత అని అడిగే ముందు నెలకు ఎన్ని రోజులు రావాలో అడగాలి, జవాబును ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి.

లోకల్, నాన్ లోకల్

నిజాం ఏలుబడిలో 1919 ఫర్మానా ప్రకారం ప్రభుత్వ ఉద్యోగానికి ముల్కీ (స్థానికుడు) అనిపించుకోవాలంటే పదిహేనేళ్ల నివాసం చూపాలి. బీదర్ వాసికి హైదరాబాద్‌లో అప్పుడు ఆ హక్కు ఉండేది. తెలుగు ప్రాంతాల్లో ముల్కీ వివాదం 1952, 1969 ఆందోళనల మీదుగా సాగి, 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371డి అధికరణంగా తేలింది. నాలుగు దశాబ్దాల తరువాత, 98వ సవరణతో పాత హైదరాబాద్–కర్ణాటక జిల్లాలకు 371జె వచ్చింది. ఈ ప్రాంతంలోని ప్రభుత్వ కొలువుల్లో శ్రేణిని బట్టి 75 నుంచి 85 శాతం, విద్యాసీట్లలో 70 శాతం స్థానికులకే. 2019లో ప్రాంతం పేరు కల్యాణ కర్ణాటకగా మారింది, హక్కు అలాగే ఉంది. బీదర్ వదిలి హైదరాబాద్‌లో స్థిరపడదామనుకునే కుటుంబం పోగొట్టుకునేది ముందుగా దీన్నే. పిల్లలు పుట్టుకతోనో నివాసంతోనో ఈ అర్హత నిలుపుకొనేలా చూసుకోవాలి.

ప్రైవేటు ఉద్యోగాలకు ఇలాంటి కోటా రెండు రాష్ట్రాల్లోనూ అమలులో లేదు. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకు ఇవ్వాలన్న బిల్లును ఆమోదించింది. కర్ణాటకలో పుట్టి పదిహేనేళ్లు ఉండి, కన్నడం చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చినవారే స్థానికులు. పదిహేనేళ్ల గడువు మళ్లీ పైకి రావడం కాకతాళీయమే కావచ్చు. పరిశ్రమ వర్గాలు భగ్గుమనడంతో ప్రభుత్వం రోజుల వ్యవధిలో బిల్లును పక్కన పెట్టింది. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని పంజాబ్–హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. కాబట్టి బీదర్ ఇంజినీరుకు మాదాపూర్‌లో నాన్ లోకల్ అన్న అడ్డు చట్టంలో లేదు, బీదర్ కంపెనీలో చేరే తెలుగు వ్యక్తికీ లేదు.

కాగితాల పని మాత్రం ఉంది. కేఏ 38 నంబరున్న బీదర్ బండిని తెలంగాణలో పన్నెండు నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి, రోడ్డు పన్ను మళ్లీ కట్టాలి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ ఈ బెడద తప్పిస్తుంది. ప్రైవేటు ఉద్యోగికి అది దక్కాలంటే అతని సంస్థకు కనీసం నాలుగు రాష్ట్రాల్లో కార్యాలయాలుండాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇది సమస్య కాదు, జహీరాబాద్‌లోని చిన్న ప్లాంటుకు సమస్యే.

అన్నిటికంటే చిక్కు ముడి పిల్లల బడి. కర్ణాటక బడుల్లో కన్నడం 2015 చట్టం కింద తప్పనిసరి, తెలంగాణ బడుల్లో తెలుగు 2018 చట్టం కింద తప్పనిసరి. ఏ బోర్డు అయినా ఇదే మాట. చిన్న తరగతుల్లో మారిన పిల్లలు ఏడాదిలో సర్దుకుంటారు. పై తరగతుల్లో భాషతో పాటు స్థానికత కూడా ముందుకొస్తుంది. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశాల్లో లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదవాలి. కర్ణాటక సీఈటీకి సాధారణ మార్గంలో ఆ రాష్ట్రంలో కనీసం ఏడేళ్ల చదువు చూపాలి. ఊరు మారేదేదో బిడ్డ తొమ్మిదో తరగతిలో చేరేలోపే మారాలి. ఆ అదును దాటిపోతే, ఉద్యోగం ఉన్నవారు వారానికోసారి ఇంటికి వస్తూ, ఇంటర్ అయ్యేదాకా కుటుంబాన్ని కదపకుండా ఉంచడమే నష్టం తక్కువ.